ఎడమకి ఒరిగిన గొంతు

కుర్చీ వెనక్కి తిప్పుకుని ఒకసారి వినమని చెప్పి శ్రావణి భోజనానికి కిందికి వెళ్ళింది. ఎందుకో చెప్పలేదు. అదే కృపానిధికి నచ్చలేదు. స్పీకర్లు అమ్మినవాళ్ళు వాటిని గదికి కుదిర్చి పెట్టమని విశాఖపట్నం నుంచి పంపించిన ఇంజనీరు ఆ అమ్మాయి. పొద్దున్న వచ్చిన దగ్గర్నుంచీ చేసే ప్రతి పనికీ కారణం చెబుతూనే ఉంది. పెట్టెలు వెనక గోడకి ఇంత ఎడంగా ఎందుకుండాలో, వాటి మొహాలు లోపలికి ఎందుకు తిరగాలో, అడుగున ఇనప ముళ్ళు బిగించి రాతి పలకల మీద ఎందుకు నిలబెట్టాలో, అన్నీ విడమరిచి చెప్పింది. ఈ ఒక్కదానికే చెప్పలేదు. గుమ్మం దగ్గర ఆగి, "సార్, నేను తినొచ్చేలోగా మీరొకసారి ఆ వెనక గోడకేసి తిరిగి కూర్చుని ఇనండి" అని, అతని మొహంలోకి చూడకుండా మెట్లు దిగిపోయింది. రోగికి పరీక్ష రాసిచ్చేటప్పుడు తనూ అలాగే చూపు తప్పిస్తాడు. పాతికేళ్ళుగా చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో వైద్యం చేస్తున్నవాడికి ఆ తప్పించుకునే చూపు తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసింది కాబట్టే కుర్చీ జోలికి పోకుండా టేపు తీసి మళ్ళీ నేల కొలవడం మొదలుపెట్టాడు.

కొలత తేడా లేదు. కుడి పెట్టె ఎంత దూరమో ఎడమ పెట్టె కూడా అంతే దూరం. నేల మీద కాగితం టేపు ముక్కలు, పొద్దుటి నుంచీ జరిపిన ప్రతి చోటా ఒక గుర్తు, చిన్నపిల్లలు తొక్కుడుబిళ్ళకి గీసుకున్న గళ్ళలాగా. నల్లటి నిలువెత్తు పెట్టెలు రెండూ గదిలో ఎవరో ఇద్దరు మనుషులు వచ్చి నిలబడ్డట్టున్నాయి. ఆ పాట మళ్ళీ పెట్టాడు. పాట అంటే పాట కాదు, మాటల్లేని ఆలాపన, పక్కన వాయిద్యం ఏదీ లేకుండా ఒక్క ఆడగొంతు. ఇలా పెట్టెలు కుదర్చడానికే శ్రావణి తెచ్చింది. రెండు పెట్టెల్లోంచీ ఒకే గొంతు ఒకే మోతాదులో వస్తుంది కాబట్టి కుర్చీలో కూర్చున్నవాడికి ఆవిడ రెండింటికీ సరిగ్గా నడుమ, ఏమీ లేని చోట, గాలిలో నిలబడి పాడుతున్నట్టు వినిపించాలి. అదే కుదరడం. అక్కడికి వచ్చిందంటే మిగిలినవన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. కాని ఆవిడ అక్కడికి రాదు. ఎడమకి ఒరిగిపోతుంది. ఎడమ పెట్టె భుజం మీద చెయ్యి వేసి నిలబడుతుంది. కళ్ళు మూసుకుని వింటే ఆవిడ కొంగు ఆ పెట్టె అంచుకి తగిలిందేమో అనిపిస్తుంది. పొద్దుటి నుంచీ ఆవిణ్ణి నడిమికి రప్పించడానికి ఏం చెయ్యలేదు? కుడివైపు కిటికీ అద్దం గొంతుని చెదరగొడుతోందన్నాడు, శ్రావణి మందపాటి తెర వేసింది. ఎడమ గోడ చప్పుడుని వెనక్కి కొడుతోందన్నాడు, పొందూరు ఖద్దరు చుట్టిన దూది పలకలు ఇంకో రెండు ఆ గోడకి ఆనించింది. తీగల్లో లోపమన్నాడు, కుడి తీగ ఎడమకి, ఎడమ తీగ కుడికి మార్చింది. తీగలు మారితే గొంతు కూడా అటు మారాలి కదా, మారలేదు. చివరికి కుర్చీలో తల ఉండే చోట కొలిచే మైకు నిలబెట్టి, ఒక్కో పెట్టెలోంచీ వాన కురిసినట్టుండే చప్పుడు వదిలి, లాప్‌టాప్‌లో రెండు గీతలు చూపించింది. ఒకదాని మీద ఒకటి అతికించినట్టున్నాయి. "రెండూ సమానంగానే ఉన్నాయి సార్, మైకు కూడా అదే సెప్తంది" అంది. మైకుకేం తెలుసు అని విసుక్కున్నాడు. ఆ తరవాతే ఆ అమ్మాయి లాప్‌టాప్ మూసేసి లేచింది.

గణపతిరావు మాటకి అంత విసుక్కోలేదు. నవ్వాడు. పెట్టెలు పైకి ఎక్కించడానికి సాయం వచ్చాడు గణపతిరావు. గరివిడి పక్కన పొలాలున్న ఆసామి, హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచీ ఒకళ్ళనొకళ్ళు బావా అని పిలుచుకుంటారు. మెట్ల మీద ఆయాసపడి, చెమటలు తుడుచుకుని, దర్జాగా కుర్చీలో కూర్చుని విన్నాడు. "బావా, ఆవిడ నా ముక్కుకి సూటిగా నిలబడి పాడతంది కదరా, ఇంకేటి కావాల నీకు?" అన్నాడు. ఒరే, నీకు ట్రాక్టరు చప్పుడికీ వీణ చప్పుడికీ తేడా తెలిస్తే కదా అని కృపానిధి ఎగతాళి చేశాడు. గణపతిరావు కోపం తెచ్చుకోలేదు. వెళ్ళేముందు, నువ్వు పాడైపోయాయని నాకిచ్చేసిన పాత స్పీకర్లు కూడా మా ఇంట్లో బంగారంలా మోగుతున్నాయి, అవెందుకు వదిలేశావో ఇప్పటికీ తెలీలేదు అని మాత్రం అన్నాడు. అప్పుడు ఆ మాట కృపానిధి వినీ విననట్టు ఊరుకున్నాడు. ఇప్పుడు గదిలో ఒక్కడూ ఉన్నప్పుడు అదొచ్చి ఎదురుగా కూర్చుంది. పాత స్పీకర్లలో కుడి పెట్టె చచ్చిపోయిందనుకున్నాడు. ఏడాదిగా అందులో చప్పుడు మెల్లమెల్లగా తగ్గిపోతోందనుకున్నాడు. అందుకే కదా ఈ కొత్తవి. చచ్చిపోయిన పెట్టె గణపతిరావు ఇంట్లో బంగారంలా ఎలా మోగుతుంది?

మోగనీ. గణపతిరావుకి ఏం తెలుసు. కుడి పెట్టె మొహం ఇంకొంచెం లోపలికి తిప్పాడు. వెళ్ళి కూర్చున్నాడు. ఆవిడ ఎడమనే ఉంది. కుడి పెట్టెని చెయ్యి వెడల్పు ముందుకి లాగాడు, ఇనప ముల్లు రాతి మీద గీరుకుని పళ్ళు జిల్లుమన్నాయి. అయినా ఆవిడ కదల్లేదు. చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో తనకి తెలియకపోవడమా? నౌపడలో పుట్టి పెరిగినవాడికి? అక్కడ అడ్డేముంటుంది, ఎంత చూపు సారిస్తే అంత దూరం ఉప్పు మడులు, ఎండకి తెల్లగా మెరిసే కుప్పలు, ఆపైన ఆకాశం. నాన్న ఉప్పు మడుల దగ్గర గుమస్తా. ఆదివారం చర్చి నుంచి రాగానే చెల్లెలు బేబీ, తనూ మడి గట్ల మీదికి పరిగెత్తేవాళ్ళు. తన కళ్ళకి అమ్మ పాత చీర ముక్క కట్టి బేబీ ఏదో కుప్ప వెనక దాక్కుని ఒక్కసారి పిలిచేది. ఒక్కసారే, చిన్నగా. తను గట్ల మీద కాలు జారకుండా, అటూ ఇటూ తడుముకోకుండా, తిన్నగా వెళ్ళి దాని జడ పట్టుకునేవాడు. "ఏటన్నియ్యా, గుడ్డలోంచి కనపడతందా నీకు?" అని అది ప్రతిసారీ పేచీ. కనపడేది కాదు. వినపడేది. పిలుపు గాలిలో ఒక దారంలా కట్టి ఉండేది, దాన్ని పట్టుకుని వెళ్ళడమే. బరంపురం వైపు నుంచి వచ్చే రైలు ఇంకా కనపడకముందే, పట్టాలకి చెవి ఆనించకుండానే, అదిగో అటు అని చూపించేవాడు. నాన్న మురిసిపోయి సంఘంలో అందరికీ చెప్పేవాడు, మావాడికి దేవుడు మంచి చెవులిచ్చేడని. చెవులు. ఆ మాట దగ్గర ఆలోచన ఆగిపోయింది. ముందుకి పోనంది.

పాట అయిపోయి మళ్ళీ మొదలైంది. కృపానిధి లేచి కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఇందులో ఏముంది, తిప్పడమే కదా. తిప్పితే ఏమవుతుందో అతనికి తెలుసు, పొద్దున్న తీగలు మార్చినప్పుడే ఎక్కడో తెలుసు. లోపం పెట్టెల్లోనో గదిలోనో ఉంటే గొంతు ఆ ఎడమ పెట్టె వైపే ఉండిపోవాలి. తను వెనక్కి తిరిగితే ఆ పెట్టె తన కుడిచేతి వైపుకి వస్తుంది, కాబట్టి గొంతు కుడివైపు వినపడాలి. అలా కాకుండా తిరిగిన తరవాత కూడా ఎడమనే వినపడితే, అప్పుడు ఆవిడ పెట్టెతో పాటు ఉండడం లేదు, తనతో పాటు తిరుగుతోంది. కుడివైపు వినపడు తల్లీ అని మనసులో అన్నాడు. ఎవరో తెలియని, ఎక్కడో రికార్డు చేసిన ఆ గొంతుని అలా బతిమాలుకుంటున్నందుకు నవ్వు రాలేదు. కుర్చీ తిప్పాడు. పుస్తకాల అరల వైపు మొహం పెట్టి కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ ఎడమనే ఉంది. తను తిరిగితే తనతో పాటు తిరిగి వచ్చి, ఎడమ భుజం వెనక నిలబడి, అంత హాయిగానూ, అంత తీరిగ్గానూ పాడుతోంది.

తరవాత అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ఫోను ఎప్పటి నుంచి ఎడమ చెవికి పెట్టుకుంటున్నాడు? కుడిచేత్తో రాసుకోవడం కోసం అనుకున్నాడు. రాయనప్పుడు కూడా ఎడమనే ఎందుకు? ఆమధ్య బజారులో రోడ్డు దాటుతుంటే కుడివైపు నుంచి మోటారు సైకిలు మోకాలి దాకా వచ్చేసింది, కుర్రాడు హారన్ కొట్టాను సార్ అన్నాడు, కొట్టలేదని తను దెబ్బలాడాడు. క్లినిక్కులో రోగి కుడి పక్క స్టూలు మీద కూర్చుంటాడు. ఈ మధ్య జనం గొణుగుతున్నారు, గట్టిగా చెప్పరు అని నర్సుతో ఎన్నిసార్లు అన్నాడో. స్టెతస్కోపు రెండు చెవులకీ ఒకే చప్పుడు తెస్తుంది, ఒక చెవి పనిచేయకపోయినా గుండె వినపడుతూనే ఉంటుంది, అది తనని ఎంత బాగా మోసం చేసింది! ఇక భార్య పద్మజ. భోజనాల బల్ల దగ్గర పద్మజ తన కుడి పక్కనే కూర్చుంటుంది. మంచం మీదా అంతే. ఒకటికి రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడం మానేసి, కంచం తీసుకుని లేచి వెళ్ళిపోతుంది. కాలేజీలో వంద మంది పిల్లలు నా మాట వింటారు, ఇంట్లో ఒక్క మనిషి వినడు అని ఒకసారి అంది. ఆమెకి కోపం ఎక్కువైందనుకున్నాడు. వయసు అనుకున్నాడు. వర్షాకాలంలో ఒక తెల్లవారుజామున స్నానాల గదిలో జారిపడింది. లేవలేక పిలిచిందట. తను మేలుకోలేదు. గోడ పట్టుకుని లేచి, కుంటుకుంటూ వచ్చి మంచం అంచున కూర్చుని, "ఎంత పిలిసినా లెగలేదు మీరు" అని ఒక్క మాటే అంది. గట్టిగా పిలిచి ఉండవు అన్నాడు తను. ఎడమకి ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు, బాగా వినే చెవి తలగడలోకి పోయింది. అప్పుడు పిలుపు ఎక్కడికి వెళ్తుంది? ఆ రోజు తరవాతే ఆమె తనతో మాట్లాడ్డం తగ్గించింది. కావలసిందేదో చెప్పడం, మళ్ళీ తన పని తను చూసుకోవడం. పాటలు వినడానికి మేడ మీద ఈ గది కడుతున్నప్పుడు ఒక్కసారీ పైకి రాలేదు.

గుబిలి అయి ఉండొచ్చు. ఆ ఆలోచన రాగానే ఊపిరి తిరిగింది. చెవిలో గుబిలి గట్టిపడి అడ్డం పడి ఉండొచ్చు, కర్ణభేరి వెనక నీరు చేరి ఉండొచ్చు, వారంలో తగ్గేవి. అలాంటి వాళ్ళని ఎంతమందిని చూశాడు! తేల్చుకోవడం కూడా తేలిక, వైద్య విద్యార్థికి మొదట్లోనే నేర్పుతారు. చెవి దారిలో అడ్డు ఉంటే ఎముక గుండా వెళ్ళే చప్పుడు ఆ చెడిన చెవిలోనే గట్టిగా వినపడుతుంది. లోపల నరమే దెబ్బతింటే బాగున్న చెవికి పోతుంది. పాట ఆపేసి, నోరు మూసుకుని, గొంతులో మ్‌మ్ అని మూలిగాడు. కుడికి పో అనుకున్నాడు. ఎడమకి పోయింది. ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా. ఎడమకే. మూలుగుని నమ్మకూడదు, కొడితే మోగే శృతిదండం కావాలి, కింద క్లినిక్కు సొరుగులో ఉంది. మెట్లు దిగుతుంటే ఒక మెట్టు మీద కాలు కొంచెం తూలింది. ఇలా తూలడం కూడా కొత్త కాదు. గ్రానైటు నున్నగా ఉందనుకుంటూ వచ్చాడు. భోజనాల బల్ల కుడి పక్కన ఉంది. పద్మజ శ్రావణికి పులుసు వడ్డిస్తూ తలెత్తి ఏదో అంది. ఆమె పెదవులు కదలడం చూశాడు. మాట రాలేదు. గిన్నె చప్పుడు వచ్చింది, వీధిలో ఆటో చప్పుడు వచ్చింది, మాట మాత్రం రాలేదు. ఎప్పట్లాగే ఊఁ అని, ఆగకుండా ముందుకి నడిచాడు.

సొరుగులోంచి శృతిదండం తీసి మోకాలికి కొట్టి నుదుటి నడుమ ఆనించాడు. ఉక్కు చల్లగా తగిలింది. నుదుటి మధ్యలో పెట్టిన ఆ సన్నటి మోత మధ్యలో నిలబడలేదు. పుర్రె లోపల్నుంచి నీళ్ళు పల్లానికి పారినట్టు ఎడమ చెవికి జారిపోయింది. మళ్ళీ కొట్టాడు. దవడ బిగించి, ఊపిరి బిగబట్టి. ఇంక కొట్టక్కర్లేదని తెలిసినా కొట్టాడు. వెనక్కి వస్తుంటే బల్ల ఎడమవైపుకి వచ్చింది, అక్కడి మాటలు తేటగా చెవిన పడ్డాయి. అతను కనపడగానే పద్మజ గొంతు తగ్గించలేదు. "ఆయనకి నా మాట ఇనపడదమ్మా. గోడకి సెప్పినా ఒకటే, ఆయనకి సెప్పినా ఒకటే. ఆ పెట్టెల్లోంచి ఎవరైనా సెప్తే ఇంటారేమో" అంటోంది. శ్రావణి నవ్వలేదు. తల వంచుకుని అన్నం కలుపుకుంటోంది. ఆ అమ్మాయి తన చేతిలో ఉన్న శృతిదండం చూసిందో లేదో తెలియదు. కృపానిధి దాన్ని జేబులో వేసుకుని మెట్లెక్కాడు.

ఒక చెవి మెల్లగా పోవడం, నరం చెడడం, నడకలో తూలు. ఈ మూడూ ఎవరైనా రోగి వచ్చి చెబితే తను ఏం రాస్తాడు? తలకి స్కాన్ రాస్తాడు. రాసి చూపు తప్పిస్తాడు. చెవి నుంచి మెదడుకి వెళ్ళే నరం మీద కంతి. క్యాన్సర్ కాకపోవడమే ఎక్కువ, నెమ్మదిగా పెరిగేదే, కాని అది ఉండే చోటు అలాంటిది, మొహానికి వెళ్ళే నరం దాన్ని ఒరుసుకునే పోతుంది. బట్టల కొట్టు నూకయ్య గుర్తొచ్చాడు. అలాంటి కంతికే అతన్ని పంపించింది తనే. ఆపరేషన్ అయ్యాక మిఠాయి పొట్లంతో వచ్చి, ప్రాణం నిలబెట్టేరు బాబూ అని నవ్వాడు. మొహంలో సగమే నవ్వింది. ఆ రెండో సగం తడి గోడలాగా జారిపోయి, కన్ను మూతపడక నీరు కారుతూ ఉంటే, పంచె కొసతో ఒత్తుకుంటూ నవ్వాడు. చాలామందికి అలా జరగదు. చాలామందికి అన్న మాట ఎంతమందితో అన్నాడో, ఆ చాలామందిలో తను ఉంటాడో లేదో ఎవరు చెప్పాలి? కిటికీ తెర తొలగించి అద్దంలో చూసుకున్నాడు. కనుబొమలు ఎగరేశాడు. బుగ్గలు పూరించాడు. పళ్ళు ఇకిలించాడు. రెండు వైపులూ సమానంగానే ఉన్నాయి. ఎవరైనా చూస్తే పిచ్చివాడనుకుంటారు. ప్రభువా అన్నాడు, ఆ తరవాత మాట దొరకలేదు. సంఘంలో రోగుల కోసం తనని ప్రార్థన చెయ్యమన్నప్పుడల్లా మాటలు ధారగా వచ్చేవి.

ఏంప్లిఫయరు రిమోటు కుర్చీ మీదే ఉంది. అందులో ఒక మీట ఉంటుంది, ఒక పెట్టె మోతాదు పెంచి రెండో దానిది తగ్గించడానికి. అంతసేపూ అది గుర్తు రాలేదో, గుర్తొచ్చినా వద్దనుకున్నాడో. కుర్చీ ముందుకి తిప్పి, జరిపిన పెట్టెని గుర్తు మీదికి తెచ్చి, పాట పెట్టి, మీట కుడికి నొక్కాడు. ఆవిడ ఎడమ పెట్టె మీంచి చెయ్యి తీసింది. ఇంకా నొక్కాడు. ఒక అడుగు వేసింది. నొక్కుతూ పోయాడు, చాలా దూరం నొక్కాల్సి వచ్చింది, చివరికి ఆవిడ నడిచి నడిచి రెండు పెట్టెల నట్టనడుమ, ఖాళీ గాలిలో, అతని ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతులో ఊపిరి తీసుకోవడం వినపడింది. ఎంత బాగుంది! అబద్ధమైనా ఎంత బాగుంది! ఎవరికీ చెప్పకపోతే ఏం? శ్రావణి సాయంత్రం వెళ్ళిపోతుంది. కుర్చీ తనొక్కడిది. పద్మజ పైకి రాదు. మంచంలో పక్కలు మార్చుకోవచ్చు, బల్ల దగ్గర కుర్చీలు మార్చుకోవచ్చు, రోగి స్టూలు ఎడమకి వేయించవచ్చు, ఎందుకని ఎవరు అడుగుతారు? కొన్నాళ్ళు ఇలా గడవనీ. కంతి నెమ్మదిగా పెరిగేదే కదా. తన దగ్గరికి ఆలస్యంగా వచ్చిన రోగులందరూ ఇలాగే అనుకుని ఉంటారు. ఎందుకింత ఆలస్యం చేశావని వాళ్ళని ఎంత కేకలేశాడో!

మెట్ల మీద అడుగులు వినపడలేదు. తలుపు తీసిన గాలి తగిలి తిరిగాడు. శ్రావణి, వెనకే పద్మజ. ఈ అమ్మాయి బలవంతం చేస్తే చూద్దామని వచ్చానంది పద్మజ, గుమ్మంలోనే నిలబడి, పరాయి ఇంటికి వచ్చినట్టు. కుదిరిందా సార్ అని శ్రావణి అడిగింది. కుదిరిందన్నాడు. శ్రావణి అతని కుర్చీ వెనక నిలబడి రెండు క్షణాలు విని, ఏంప్లిఫయరు మీద వెలుగుతున్న అంకె వైపు చూసింది. తరవాత అతని వైపు చూసింది. కృపానిధి ఆ చూపు పట్టుకుని వదల్లేదు. చెప్పకు అన్నట్టో, చెప్పమన్నట్టో అతనికే తెలియదు. ఆ అమ్మాయి ఏమీ అనకుండా తీగలు చుట్టడానికి నేల మీద కూర్చుంది. మీరు కూర్చుంటారా మేడం అని కూడా అనలేదు. పద్మజే వచ్చింది. లేవండి, ఇంత సంబరం దేనికో నేనూ చూస్తాను అన్నట్టు చేత్తో సైగ చేసింది. అతను లేచాడు. ఆమె కూర్చుని, చీర మోకాళ్ళ మీద సర్దుకుని, పిల్లల జవాబు పత్రం దిద్దుతున్నప్పటి మొహంతో విన్నది. గదిలో ఆ గొంతు తప్ప ఏమీ లేదు. కృపానిధి గుండె తన చెవికే వినపడుతోంది, ఒక్క చెవికే.

"ఇదేటి, ఈవిడ కుడిపక్క గోడకి ఆనుకుని పాడతన్నట్టున్నాది" అంది పద్మజ. "మద్దిలో ఉండాలని కదా ఈ అమ్మాయి సెప్పింది?"

శ్రావణి తీగ చుట్టడం ఆపింది. ఇప్పుడైనా ఏదో ఒకటి అనొచ్చు. కొత్త పెట్టెలు, అలవాటు పడాలి అనొచ్చు. పద్మజ నమ్ముతుంది, ఆమెకి ఈ విషయాలు పట్టవు. కృపానిధి రిమోటు చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. "పెట్టెలు సరిగానే ఉన్నాయి పద్మా" అన్నాడు. "నేనే అటు జరిపేను. నా కుడి చెవి పోయింది."

ఆమె కుర్చీలోంచి అతని వైపు తిరిగింది. పాట సాగుతూనే ఉంది. ఎప్పటి నుంచని అడిగింది. తెలియదన్నాడు, ఏడాదై ఉంటుందని, మెల్లగా పోవడం వల్ల తెలియలేదని చెప్పాడు. జేబులోంచి శృతిదండం తీసి ఎందుకో ఆమెకి చూపించాడు. పద్మజ దాని వైపు చూడలేదు. ఆమె కళ్ళు ఎక్కడో వెనక్కి వెళ్ళిపోయాయి, ఒక్కో రోజు దగ్గరా ఆగి ఆగి వెళ్తున్నట్టు కనపడింది. "ఆ రోజు నేను పడిపోయి పిలిసినప్పుడు..." అంది. వినపడలేదన్నాడు. ప్రమాణపూర్తిగా వినపడలేదన్నాడు. "మరి ఇన్నాళ్ళూ నేనెవరి మీద కోపం పెట్టుకున్నట్టు?" అంది. ఆ ప్రశ్న అతన్ని అడగలేదు, తనకి తనే వేసుకుంది. కోపం అంతా చేతుల్లో అలాగే ఉండిపోయి, ఎక్కడ దింపుకోవాలో తెలియని మనిషిలా కూర్చుంది. తరవాత లేచి ఫోన్ చెయ్యమంది. ఎవరికని అడిగాడు. "మీకు తెలీదేటి?"

తెలుసు. ధనరాజ్‌కి. వైద్య కళాశాలలో కలిసి చదివినవాడు, విజయనగరంలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు. ఫోన్ ఎడమ చెవికి పెట్టుకుని, రోగి గురించి చెబుతున్నట్టే మొదలుపెట్టాడు. ధనరాజ్ ఏదో పరాచికం ఆడబోయి రోగి ఎవరో అర్థమయ్యాక ఆగిపోయాడు. గుండ్రంగా తిరుగుతున్నట్టుందా, తూలు ఉందా, మొహం మొద్దుబారిందా అని వరసగా అడిగాడు. ఇటునుంచి ఒక్కో జవాబు చెబుతుంటే ఆ ప్రశ్నలు అటునుంచి ఎంత సులువుగా ఉంటాయో కృపానిధికి తెలిసొచ్చింది. ఇప్పుడే బయల్దేరి రమ్మన్నాడు ధనరాజ్. వినికిడి పరీక్ష తనే చేస్తానని, స్కాన్ కూడా ఇవాళే చేయిద్దామని, ఏదున్నా చిన్నగా ఉన్నప్పుడే చూడడం మేలని, కారు మాత్రం నువ్వు తోలొద్దని చెప్పాడు. అన్నింటికీ సరేనన్నాడు.

శ్రావణి సంచీ సర్దుకుని నిలబడి ఉంది. కృపానిధి రిమోటు ఆమె చేతికిచ్చి, ఆ మీట మళ్ళీ సున్నా దగ్గర పెట్టమన్నాడు. మరి మీకు అని అడగబోయి ఆగింది. అందరికీ ఎలా వినపడుతుందో అలాగే ఉండాలన్నాడు, తనకి ఎలా వినపడితే అలా వింటానన్నాడు. శ్రావణి మీట నొక్కుతుంటే ఆవిడ మళ్ళీ నడక మొదలుపెట్టింది, మెల్లగా ఎడమకి, ఎడమకి, ఆ పెట్టె పక్కకి వెళ్ళి నిలబడింది. పద్మజ మాత్రం కుర్చీ పక్కన నిలబడి రెండు పెట్టెల నడుమ ఖాళీలోకే చూస్తోంది. ఆమెకి ఆవిడ అక్కడే వినపడుతోందని కృపానిధికి అర్థమైంది. అప్పుడు ఏడవాలనిపించింది, పాట ఆపేశాడు.

శ్రావణిని స్టేషన్ దగ్గర దింపారు. ఆ అమ్మాయి దిగి, కిటికీ దగ్గరికి వచ్చి, పొద్దున్నే అనుమానం వచ్చిందనీ, ఎలా చెప్పాలో తెలియక కుర్చీ తిప్పమన్నాననీ, ఏమీ అనుకోవద్దనీ అంది. చెప్పకుండా చెప్పడమే మంచిదైందని కృపానిధి అన్నాడు. కారు గరివిడి దాటింది. ఎండ ఇంకా తగ్గలేదు, కోసిన చేల మీద గాలి వేడిగా కదులుతోంది. పద్మజ రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుని, ముందు వెళ్తున్న లారీ మీంచి చూపు తిప్పకుండా తోలుతోంది. ఆమె అతనికి కుడి పక్కన ఉంది. ఏదో అంది. చిన్నగా, తనలో తను అనుకున్నట్టు పెదవులు కదిలాయి. నిన్నటిదాకా అయితే ఊఁ అనేవాడు. నోటి దాకా వచ్చింది కూడా. దాన్ని మింగి, సీటులో పూర్తిగా ఆమె వైపు తిరిగి, వినపడలేదు, మళ్ళీ చెప్పమన్నాడు. ఏం లేదని తల అడ్డంగా ఊపింది. చెప్పు పద్మా అన్నాడు. ఆమె లారీని దాటలేదు. వేగం తగ్గించి కారు రోడ్డు పక్క మట్టిలోకి దింపి ఆపింది. వెనక నుంచి వచ్చిన బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. పద్మజ అతని వైపు తిరిగింది. ఎవరూ గట్టిగా చెప్పుకోని ఆ మాటని, తరగతి గదిలో ఆఖరి బెంచీ దాకా వినపడేలా, గట్టిగా చెప్పింది.

"నాకు బయిమేస్తంది అన్నాను."

"నాకూ" అన్నాడు కృపానిధి.

తరవాత పద్మజ అద్దంలో వెనక్కి చూసుకుని, గేరు వేసి, మళ్ళీ రోడ్డెక్కింది.